మీ సెట్‌లో దూరిన మైక్: పిలవని ఎమ్సీతో డీజే నెగ్గుకురావడం ఎలా?

డ్రాప్‌కు, అంటే ఆగిన బీటు ఒక్కసారిగా విరుచుకుపడే క్షణానికి, ఇంకా 8 బార్లు (ఒక బార్ అంటే నాలుగు బీట్లు) ఉన్నాయి. కిక్ డ్రమ్ ఆగింది, స్నేర్ డ్రమ్ రోల్ పైకి లేస్తోంది, ఫ్లోర్ మీద చేతులన్నీ గాల్లో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మీ ఎడమ చెవి పక్క నుంచి ఒక కేక: "అందరూ గట్టిగా అరవండీ!" ఆ మనిషిని, అంటే మైక్ మీద జనాన్ని ఊపే ఎమ్సీని, మీరు పిలవలేదు. ఎవరు పిలిచారో కూడా మీకు తెలీదు. చేతిలో మైక్ ఉంది, అది ఆన్‌లో ఉంది. ఇరవై నిమిషాలుగా మీరు పేర్చుకుంటూ వచ్చిన డ్రాప్ ఆ కేక కింద పడి నలిగిపోయింది.

మొదట్లో నాకు ఇలాంటప్పుడు ఒళ్లు మండిపోయేది. మొహం మాడ్చుకునేవాణ్ణి, మాస్టర్ వాల్యూమ్ పెంచేవాణ్ణి, ఒకసారైతే మైక్ చేతిలోంచి లాక్కున్నాను కూడా. ఒక్కటీ పనిచేయలేదు. ఇప్పుడు మనిషి మొహం కన్నా ముందు మైక్ వైరు ఎటు పోతోందో చూస్తాను. ఆ వైరు ఏ మిక్సర్‌లో (శబ్దాలను కలిపి, పెంచి తగ్గించే పెట్టెలో) గుచ్చారు, దాని నాబ్ మీద ఎవరి వేలు ఉంది అన్నది తేలితే ముప్పావు వంతు గొడవ అక్కడే తీరిపోతుంది. మిగతా పావు వంతు మాటతీరు.

ముందుగా, వచ్చింది ఎవరు?

డీజే నిలబడే బూత్ దగ్గర మైక్ పట్టుకునేవాళ్లు మూడు రకాలు. క్లబ్బో ప్రమోటరో డబ్బులిచ్చి పెట్టుకున్న హోస్ట్ ఒకరు. ఎవరి స్నేహితుడో అయిన గాయకుడు, "రెండు లైన్లు పాడతాను బ్రో" అనేవాడు, ఇంకొకరు. మూడో రకం అతిథి: పుట్టినరోజు ప్రకటన కావాలి, లేదా రెండు గుక్కలు ఎక్కువయ్యాయి. మొదటి వ్యక్తిని మీరు పంపించలేరు, ఆయన కూడా మీలాగే డ్యూటీలో ఉన్నాడు. రెండో వ్యక్తితో బేరం కుదురుతుంది. మూడో వ్యక్తికి అర నిమిషం చాలు. ముగ్గురినీ ఒకే గాటన కట్టి చిరాకు పడితే అసలుకే మోసం.

ఇంకో మాట. కొన్ని రకాల సంగీతంలో ఎమ్సీ పిలవని పేరంటం కాదు, ఇంటి మనిషి. జమైకా సౌండ్ సిస్టమ్ సంప్రదాయంలో 'డీజే' అంటే మైక్ పట్టుకుని మాట్లాడేవాడే, రికార్డులు వేసేవాణ్ణి 'సెలెక్టర్' అంటారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ ప్లే చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. హెర్క్ పక్కన మైక్ మీద ఉండే కోక్ లా రాక్ పేరు కూడా ఆ కథలో భాగమే. బ్రిటన్ జంగిల్, డ్రమ్ అండ్ బేస్, గరాజ్ రాత్రుల్లో ఎమ్సీ పేరు పోస్టర్ మీదే ఉంటుంది. పాటను వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టమని ఆయన అడిగితే డీజే తిప్పుతాడు. అలాంటి చోట బుకింగ్ ఒప్పుకుని "నాకు ఎమ్సీ వద్దు" అంటే తప్పు మనదే. ఈ వ్యాసం ఎక్కువగా హౌస్, టెక్నో, ఓపెన్ ఫార్మాట్ (అన్ని రకాల పాటలూ కలిపి వేసే) సెట్ల గురించి. అక్కడ గొంతుకు ముందే కేటాయించిన చోటు ఉండదు, ఉన్న చోటల్లా అది ఆక్రమించేస్తుంది.

మెట్టు 1: బుకింగ్ ఒప్పుకునేటప్పుడే అడగండి

చాలామంది టెక్నికల్ రైడర్‌లో (తమకు కావలసిన పరికరాల జాబితాలో) ప్లేయర్లు, మిక్సర్ మోడల్, మానిటర్లు (డీజేకు వినపడేలా పెట్టే స్పీకర్లు) అన్నీ రాస్తారు, మైక్ గురించి ఒక్క ముక్క రాయరు. రాయండి. పొడుగ్గా అక్కర్లేదు: "నా సెట్ సమయంలో హోస్ట్ గానీ లైవ్ గాయకులు గానీ ఉంటే ముందుగా తెలియజేయాలి. ప్రకటనలు సెట్ మొదట్లో లేదా చివర్లో మాత్రమే. మైక్ లెవెల్ డీజే లేదా సౌండ్ ఇంజనీర్ చేతిలో ఉంటుంది."

రాసి ఊరుకోకుండా ఫోన్‌లో కూడా అడగండి. ఆ రాత్రి హోస్ట్ ఉన్నాడా, ఉంటే ఎవరికి జవాబుదారీ, ఎప్పుడెప్పుడు మాట్లాడాలని అనుకుంటున్నారు? "అబ్బే, ఎవరూ ఉండరు" అని ప్రమోటర్ అన్నా మెసేజ్‌లో ఒక లైను పెట్టించుకోండి. రాత్రి ఒంటిగంటకు మాట మారినప్పుడు చూపించడానికి కాదు, దాన్ని ఎవరూ చదవరు. రాసేటప్పుడైనా ప్రమోటర్ ఒకసారి ఆలోచిస్తాడని.

మెట్టు 2: సౌండ్ చెక్‌లో వైరు వెంట నడవండి

నా లెక్కలో అన్నిటికన్నా విలువైన పదిహేను నిమిషాలు ఇవే. మైక్ కనపడగానే దాని వైరు పట్టుకుని చివరిదాకా వెళ్లండి. వైర్‌లెస్ అయితే రిసీవర్ ఎక్కడుందో, దాని అవుట్‌పుట్ ఎందులోకి పోతోందో చూడండి.

అది మీ డీజే మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లోకి వస్తే మీ అదృష్టం, గొంతు మీ చేతి కిందే ఉంది. హాల్ వెనకున్న పెద్ద మిక్సర్‌లోకి పోతే అది ఇంజనీర్ చేతిలో ఉంది. అప్పుడు ఆయన పేరు కనుక్కుని, షో మొదలవ్వకముందే పరిచయం చేసుకుని, ఒకే ఒక్క కోరిక కోరండి: "నేను చెయ్యి ఇలా కిందికి దించితే మైక్ తగ్గించండి." రెండో కోరిక కోరితే మొదటిది మర్చిపోతారు. అన్నిటికన్నా ఇబ్బందైనది మూడో పరిస్థితి: మైక్ పెద్ద మిక్సర్‌లోకి పోతుంది, కానీ రాత్రి అక్కడ ఎవరూ ఉండరు. అలాగైతే సౌండ్ చెక్ అప్పుడే ఆ వైరును మీ మిక్సర్‌లోకి మార్పించండి. క్లబ్బుల్లో ఉండే పెద్ద డీజే మిక్సర్లకు ఎక్కువగా ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్) మైక్ ఇన్‌పుట్ ఉంటుంది, మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది.

మైక్ మీ మిక్సర్‌లోనే ఉందనుకుందాం. ఇప్పుడు చూడాల్సినవి.

టాక్‌ఓవర్ స్విచ్. చాలా మిక్సర్లలో మైక్ స్విచ్‌కు మూడు స్థానాలు: ఆఫ్, ఆన్, టాక్‌ఓవర్. టాక్‌ఓవర్‌లో పెడితే మైక్‌లో గొంతు వినపడగానే పాట తనంతట తానే తగ్గిపోతుంది. అనౌన్స్‌మెంట్‌కు మంచిదే. కానీ "హే", "హో" అనే ఎమ్సీ చేతికి ఇది దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే, ప్రతి "హే"కీ పాట మునిగి తేలుతుంది. పయొనీర్ డీజేఎమ్-900ఎన్‌ఎక్స్‌ఎస్2 లాంటి మిక్సర్లలో పాట ఎంత తగ్గాలో సెట్టింగ్స్‌లో -6 నుంచి -24 డెసిబెల్ వరకు ఎంచుకోవచ్చు. -18 అంటే సిగ్నల్ ఎనిమిదో వంతుకు పడిపోవడం, డాన్స్ ఆగిపోవడానికి అది చాలు. అదే మిక్సర్‌లో అడ్వాన్స్‌డ్ అనే పద్ధతి కూడా ఉంది. అందులో పాటలోని మిడ్ ఫ్రీక్వెన్సీలే తగ్గుతాయి, కిక్, బేస్ అలాగే నడుస్తాయి. టాక్‌ఓవర్ తప్పదంటే ఇది పెట్టుకోండి, తప్పుతుందంటే మామూలు ఆన్‌లోనే ఉంచండి.

మైక్ 'లో' నాబ్ (బేస్ పెంచి తగ్గించేది). నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంటే మామూలు స్టేజీ మైకుల్లో గొంతు బేస్ పెరుగుతుంది. ఆ బేస్ మీ కిక్ మీద కూర్చుంటుంది. లో నాబ్ బాగా ఎడమకు తిప్పేయండి. మిక్సర్‌లో మైక్‌కు 'లో కట్' (బేస్ కోసేసే సెట్టింగ్) ఉంటే అది కూడా ఆన్ చేయండి. గొంతులో మాట అర్థమయ్యే భాగమంతా పైనే ఉంటుంది కాబట్టి ఆయన మాటకు నష్టమేమీ లేదు.

లెవెల్. "చెక్, చెక్, వన్ టూ" అని మర్యాదగా అని లెవెల్ పెట్టకండి. రాత్రి ఎవరూ అలా మాట్లాడరు. పాట పూర్తి వాల్యూమ్‌లో పెట్టి, మైక్‌లో గొంతు చించుకుని అరవండి. ఆ అరుపు పాటకు సమానంగా వినపడే చోట నాబ్ ఆపి, పక్కన టేప్ ముక్క అంటించండి. ఆ గీత దాటకూడదని మీకు మీరే పెట్టుకున్న హద్దు అది.

ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దాన్నే మైక్ మళ్లీ పట్టుకుని కీచుమనడం. స్టేజీల మీద ఎక్కువగా కనపడే ష్యూర్ ఎస్‌ఎమ్58 లాంటి మైకులు కార్డియాయిడ్ రకం: ముందు నుంచి వచ్చే శబ్దం బాగా తీసుకుంటాయి, వెనక నుంచి వచ్చేది బాగా తగ్గిస్తాయి. ఎమ్సీ స్టైల్‌గా మైక్ తల మీది జాలీని గుప్పిట్లో మూసేస్తే ఆ గుణం పోతుంది, అన్ని వైపుల శబ్దమూ లోపలికి పోయి బూత్ మానిటర్ కీచుమంటుంది. ఆ కీచు మీ చెవికి మూరెడు దూరంలో వస్తుంది. 100 డెసిబెల్ దగ్గర రోజుకు 15 నిమిషాలకు మించి ఉండొద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ సిఫారసు. బూత్‌లో మనం మామూలుగానే ఆ గీత దగ్గర్లో బతుకుతుంటాం.

మరి మైక్ సౌండ్‌ను బూత్ మానిటర్ నుంచి పూర్తిగా తీసేస్తే సరిపోదా? కొన్ని మిక్సర్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. నేనూ చాలాకాలం అలాగే చేశాను. కానీ తన గొంతు తనకు వినపడకపోతే మనిషి ఇంకా అరుస్తాడు. చుట్టూ రొద ఉంటే గొంతు తనంతట తానే పెరగడాన్ని లంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. ఎటియెన్ లంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వందేళ్ల కిందటే గుర్తించిన సంగతి ఇది. మాస్టర్ వాల్యూమ్ పెంచి ఎమ్సీని ముంచేద్దామన్న నా పాత ఎత్తు ఎందుకు పారలేదో అది చదివాకే అర్థమైంది. నేను పెంచిన కొద్దీ ఆయన అరిచాడు. అందుకని ఇప్పుడు మైక్‌ను బూత్‌లో కాస్త ఉంచుతాను, ఆయన మాట్లాడేటప్పుడు బూత్ వాల్యూమ్ తగ్గిస్తాను. కీచు రాదు, ఆయన గొంతూ దిగుతుంది.

చివరగా, సెట్ రికార్డు చేసుకునేవాళ్లు పది సెకన్లు మైక్‌లో మాట్లాడి, రికార్డింగ్ విని చూసుకోండి. మైక్ అందులో పడుతోందో లేదో ఇంటికెళ్లాక తెలిస్తే లాభం లేదు.

ఆ రాత్రి మైక్ అవసరమే లేదని తేలితే దాన్ని విప్పి ఇంజనీర్‌కు ఇచ్చేయండి. బూత్ టేబుల్ మీద మైక్ ఊరికే పడి ఉంటే దాన్ని ఎవరో ఒకరు తీస్తారు.

మెట్టు 3: హోస్ట్ ఉంటే, సెట్‌కు ముందు రెండు నిమిషాలు

జీతానికి మాట్లాడే ఎమ్సీ భయం ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఆయన ఊరుకుంటే ప్రమోటర్ కంటికి పని చేయనట్టు కనపడతాడు. అందుకే ఖాళీ దొరికిన చోటల్లా నింపుతాడు. ఆ భయం తీర్చగలిగితే సగం మాటలు వాటంతట అవే తగ్గుతాయి. ప్రమోటర్ పక్కనున్నప్పుడే ఇలా అనండి:

"అన్నా, నా సెట్‌లో నీకు నాలుగు చోట్లు పెట్టాను. మొదట్లో నన్ను పరిచయం చెయ్యి. తర్వాత బ్రేక్‌డౌన్ మొదలైనప్పుడు నేను వేలు చూపిస్తే నీదే. డ్రాప్‌కు ముందు 8 బార్లు మాత్రం నాకొదిలెయ్. అరచెయ్యి కిందికి చూపిస్తే ఇక చాలని."

బ్రేక్‌డౌన్ అంటే పాటలో కిక్ ఆగి ఖాళీ వచ్చే భాగం. ఇందులో మీరు ఆయన్ను ఆపలేదు, చోటు ఇచ్చారు. పైగా తక్కువ మాట్లాడటం ప్లాన్ ప్రకారమేనని ప్రమోటర్‌కు కూడా తెలిసింది. పరిచయంలో మీ పేరు ఎలా పలకాలో కూడా అప్పుడే చెప్పండి, తర్వాత బాధపడొద్దు.

మెట్టు 4: సెట్ మధ్యలో ఎవరైనా వచ్చి అడిగితే

ముందు మిక్స్ పూర్తి చేయండి. రెండు పాటలు కలిసి నడుస్తున్నప్పుడు తల తిప్పితే రెండూ జారిపోతాయి. ఒక వేలు చూపించండి: ఆగండి అని. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) దగ్గర ఒక బార్ 1.875 సెకన్లు, 16 బార్లు సరిగ్గా 30 సెకన్లు, 32 బార్లు ఒక నిమిషం. ఆ నిమిషంలో వచ్చినవాళ్లలో కొందరు విసుగొచ్చి వెళ్లిపోతారు కూడా. ఇది ఎత్తు అనుకుంటే అనుకోండి, నేనైతే పని అంటాను.

ప్రకటన అడిగితే పేరు ఫోన్‌లో టైప్ చేసి చూపించమనండి. బూత్‌లో చెవిలో అరిచిన పేరు ఎప్పుడూ తప్పుగానే వినపడుతుంది. "ఇప్పుడు కాదు, ఈ పాట అయ్యాక డ్రమ్స్ వచ్చే చోట చెప్తాను" అనండి. తర్వాతి పాట ఇంట్రోలో వట్టి డ్రమ్స్ ఉన్న 16 బార్లు దానికి సరిగ్గా సరిపోతాయి. వీలైతే మీరే చదివేయండి. వాళ్లే చెప్తామని పట్టుబడితే మైక్ ఇవ్వండి గానీ నాబ్ మీద వేలు తీయకండి. 16 బార్లు అయ్యేసరికి నాబ్ మూసి, రెండో చెయ్యి మైక్ కోసం చాచండి. అర నిమిషం అన్నది ముందే చెప్పి ఉంటే ఎవరూ నొచ్చుకోరు.

అదే డ్రమ్ అండ్ బేస్ అయితే 174 బీపీఎం దగ్గర 16 బార్లు 22 సెకన్లే. పేరు, శుభాకాంక్షలు, అంతే.

"పాడతాను" అనేవాళ్లకు మాత్రం నేను సూటిగా వద్దంటాను. "ఈ రాత్రి సెట్ అంతా ప్లాన్ చేసుకొచ్చాను బ్రో, నీ నంబరివ్వు, రిహార్సల్ చేసి ఇంకోసారి చేద్దాం." నిజంగా పాడేవాళ్లు నంబరిస్తారు. ఇద్దరితో నేను తర్వాత నిజంగానే కలిసి చేశాను, రెండూ బాగా వచ్చాయి.

మెట్టు 5: గొంతు ఆగడం లేదు, సెట్ మాత్రం నడవాలి

ఇక్కడ రెండు దారులు, రెండూ ఒకదానికొకటి ఎదురు.

ఒకటి, చోటు ఇవ్వడం. గొంతు బాగున్నప్పుడు, ఫ్లోర్ దానికి ఊగుతున్నప్పుడు ఇదే దారి. పాటలో గొంతు మీద మైక్ గొంతు పడితే రెండూ అర్థం కావు, కాబట్టి వోకల్స్ లేని పాటలకు, డబ్ వెర్షన్లకు (పాటలో గొంతు చాలావరకు తీసేసిన రూపాలకు) మారండి. దొరకకపోతే 8 బార్ల డ్రమ్ లూప్ పట్టి నడపండి, లేదా పాట ఛానెల్‌లో మిడ్ కొంచెం తగ్గించండి. ఇప్పటి డీజే సాఫ్ట్‌వేర్లలో స్టెమ్స్ (పాటలో గొంతు, డ్రమ్స్ లాంటివి విడదీసే సదుపాయం) ఉన్నాయి, వోకల్ ఒక్కటే నొక్కి ఆపేయవచ్చు. గాయకుడు రాగం తీసి పాడుతుంటే ఆ లైను అయ్యేదాకా వేరే కీలో (శ్రుతిలో) ఉన్న పాట లోపలికి తేకండి, టెంపో కదిలించకండి. శ్రుతి తప్పింది మీ వల్లే అయినా జనం ఆయన్నే తప్పుపడతారు, అది అన్యాయం. ర్యాప్ చేసేవాళ్లతో కీ గొడవ తక్కువ, బార్ల లెక్క ముఖ్యం.

రెండోది, చోటు మూసేయడం. ఊరికే అరిచే హోస్ట్‌కు నేను వాడేది ఇదే. బ్రేక్‌డౌన్ అంటే ఆయనకు పిలుపే, కిక్ ఆగగానే మైక్ నోటి దగ్గరికి వస్తుంది. కాబట్టి పొడుగు బ్రేక్‌డౌన్లున్న పాటలు పక్కన పెట్టండి. లేదా బ్రేక్‌డౌన్ రాకముందే తర్వాతి పాట కిక్ తెచ్చేయండి. మొదటి నుంచి చివరిదాకా గొంతు నిండుగా ఉన్న, అందరికీ తెలిసిన పాట వేస్తే ఫ్లోరే పాడుతుంది, ఆయన కేక ఆ పాటలో కలిసిపోతుంది. రెండు మూడు పాటల తర్వాత చాలామంది మైక్ దించి డ్రింక్ కోసం వెళ్తారు. అప్పుడు మీ పొడుగు బ్రేక్‌డౌన్ వేసుకోండి.

మెట్టు 6: తగ్గించడం, వెనక్కి తీసుకోవడం

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకండి. ముందు అరచేతి సైగ. వినకపోతే మైక్ లెవెల్‌ను 16 బార్ల మీద మెల్లగా దించండి, మైక్ 'హై' నాబ్ కూడా కాస్త తగ్గించండి. గొంతు పోదు, పాటకు వెనక్కి జరుగుతుంది. అదీ చాలకపోతే మూసేయాల్సిందే, కానీ మాట మధ్యలో కాదు. వాక్యం చివర, సంగీతపు ముక్క (ఫ్రేజ్) చివర. మీ మిక్సర్‌లో ఎఫెక్ట్ మైక్‌కు వేయగలిగితే చివరి మాట మీద ఎకో వేసి, తోక సాగుతుండగా మూసేయండి. ఫ్లోర్‌కు అది ముగింపులా వినపడుతుంది, ఆయనకు పరువు దక్కుతుంది. వెంటనే నవ్వుతూ, చెవి దగ్గర: "అదిరింది అన్నా, ఇక నాకు వదిలెయ్, చివర్లో మళ్లీ పిలుస్తాను." అన్నాక చివర్లో నిజంగా పిలవండి.

ఒక తప్పు నేను చేశాను, మీరు చేయకండి. హాల్‌లోకి మైక్ ఆపించి, బూత్ మానిటర్‌లో మాత్రం ఉంచమని ఇంజనీర్‌ను అడిగాను. ఎమ్సీ ఇరవై నిమిషాలు తనకు తానే మాట్లాడుకున్నాడు. మేమిద్దరం నవ్వుకున్నాం. తర్వాత స్నేహితుడెవరో తీసిన వీడియోలో తన గొంతు లేదని ఆయన చూసుకున్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన హోస్ట్ చేసే ఏ రాత్రికీ నాకు పిలుపు రాలేదు. రాకపోవడం న్యాయమే.

పాట ఆపి మైక్‌లో తిట్టడం, చేతిలోంచి లాక్కోవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వైరు లాగితే పక్కనున్న గ్లాసు మిక్సర్ మీద పడుతుంది, తర్వాత సంగతి మీకే తెలుసు. తాగి మీద పడేవాళ్లయితే మీరు మాట్లాడాల్సిన పనే లేదు, మైక్ ఆపి మేనేజర్‌కో సెక్యూరిటీకో సైగ చేయండి, అది వాళ్ల ఉద్యోగం. మైక్ పట్టింది క్లబ్ ఓనరే అయితే? నాబ్ టేప్ గీత దగ్గర ఉంచి, డ్రమ్ లూప్ వేసి, నీళ్లు తాగండి.

మెట్టు 7: మర్నాడు

రాత్రే బూత్ వెనక పంచాయితీ పెట్టకండి, అప్పుడు ఎవరి చెవులూ పనిచేయవు. మర్నాడు ప్రమోటర్‌కు చిన్న మెసేజ్ చాలు: "రాత్రి బాగా జరిగింది, థ్యాంక్స్. డ్రాప్‌ల మీద హోస్ట్ మాట్లాడటం వల్ల రెండు చోట్ల ఫ్లోర్ ఖాళీ అయింది. ఈసారి నేనూ ఆయనా ముందే కూర్చుని చోట్లు అనుకుంటాం." ఫ్లోర్ ఖాళీ అయిన మాట నిజమైతేనే రాయండి. నిజం కాకపోతే, అంటే జనం ఆ గొంతుకు ఊగి ఉంటే, రికార్డింగ్ మరోసారి వినండి. నాకు అలా రెండుసార్లు జరిగింది. ఆ రెండు రికార్డింగుల్లో ఎమ్సీ టైమింగ్ నా మిక్స్ కన్నా బాగుంది.